చంకలో చంటిపిల్ల, చేతిలో ఆర్డర్లు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఇంట్లోంచి వ్యాపారం నడుపుతున్న తల్లులు ఈసారి పంపిన ఉత్తరాల్లో ఆరింటికి ఇక్కడ జవాబులిస్తున్నాం. మాటలు వేరైనా చాలామంది అడిగింది ఒకటే: రోజుకు ఇంకో నాలుగు గంటలు ఎక్కణ్నుంచి తేవాలి? అవి దొరకవు. పిల్ల వయసును బట్టి ఆర్డర్లు ఒప్పుకోవడం, మీ గంటల్ని ధరలో కలపడం, ఈ రెండే మీ చేతిలో ఉన్నవి.

ప్రశ్న: మా పాపకు ఏడు నెలలు. ఇంట్లో బ్లౌజులు కుడతాను. వారానికి పది, పన్నెండు ఒప్పుకుంటున్నాను. రాత్రి ఒంటిగంట దాకా కూర్చున్నా చెప్పిన రోజుకు ఇవ్వలేకపోతున్నాను. శ్రావణమాసం తలుచుకుంటేనే భయమేస్తోంది. ఏం చేయాలి?
(ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: ముందు మీకు నిజంగా ఎన్ని గంటలున్నాయో చూడండి. ఏడు నెలల పిల్ల పగలు రెండు మూడు విడతలుగా నిద్రపోతుంది. అన్నీ కలిపి మూడు గంటలనుకుందాం. సాయంత్రం ఇంట్లో ఎవరైనా రెండు గంటలు ఎత్తుకుంటారనుకుందాం. మొత్తం ఐదు. ఇందులో నూటికి అరవై వంతులే లెక్కలోకి తీసుకోండి, అంటే మూడు గంటలు. పాప ముందే లేవడం, కరెంటు పోవడం, కొలతలివ్వడానికి ఎవరో రావడం, ఇవన్నీ మిగతా రెండు గంటల్లో పోతాయి. లైనింగ్ బ్లౌజుకు కత్తిరింపు నుంచి హుక్స్ దాకా మీకు మూడు గంటలు పడుతుందంటే రోజుకు ఒకటి. ఆరు రోజులకు ఆరు. అందులో ఒక రోజును ఆల్టరేషన్లకు వదిలేస్తే ఐదు. మీరు ఒప్పుకుంటున్నది దానికి రెట్టింపు. ఇది మీ చేతి వేగం సమస్య కాదు, ఆర్డర్ల పుస్తకం సమస్య.

ఇక పనిని రెండు రకాలుగా విడదీయండి. మధ్యలో లేస్తే చెడిపోయేవి కొన్ని: కత్తిరించడం, మెడకు పైపింగ్, చేతులు కలపడం. ఎప్పుడు ఆపినా ఫరవాలేనివి కొన్ని: హెమ్మింగ్, హుక్స్, కాజాలు, దారాలు కత్తిరించడం. మొదటి రకానికి పాప గాఢనిద్రలో ఉండే సమయమో, వేరేవాళ్లు ఎత్తుకునే సమయమో కేటాయించండి. రెండో రకం పాప పక్కన ఆడుకుంటున్నా సాగుతుంది, సూది మాత్రం మీ చేతిలో ఉండాలి, లేదా మూత ఉన్న డబ్బాలో. హెమ్మింగ్, హుక్స్ పక్కింటివాళ్లకు బ్లౌజుకింత అని ఇచ్చేయగలిగితే ఇంకా మంచిది. మీ మూడు గంటల్లో అరగంట పైగా మిగులుతుంది.

కత్తిరింపు మధ్యలో లేచి వచ్చినప్పుడు జరిగే పొరపాటు కుట్టేవాళ్లందరికీ తెలిసిందే: రెండు చేతులూ ఒకే వైపువి వస్తాయి, లేదా ముందు భాగాలు రెండూ ఎడమవే అవుతాయి. గుడ్డ మీద కత్తెర పెట్టకముందే ప్రతి ముక్క మీదా సుద్దతో ‘ఎ’, ‘కు’ అని రాయండి. ఒక్కో బ్లౌజుకు ఒక్కో కవరు పెట్టి కొలతల చీటీ, లైనింగ్, దారం, హుక్స్ అన్నీ అందులోనే ఉంచండి. పాప లేవగానే అన్నీ కవర్లోకి వెళ్లిపోవాలి. మళ్లీ కూర్చున్నప్పుడు వెతుకులాట ఉండదు. కాటన్ లైనింగులన్నీ వారానికోసారి, ఆదివారం రాత్రి ఒకేసారి నానబెట్టి ఆరేయండి. నానబెట్టని లైనింగ్ మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి పై గుడ్డ ముడతలు పడుతుంది, ఆ బ్లౌజు మళ్లీ మీ దగ్గరికే వస్తుంది. విప్పి కుట్టడానికి పట్టే సమయానికి ఎవరూ డబ్బులివ్వరు. ఒకే రంగు దారం కావాల్సినవి వరుసగా కుట్టండి.

శ్రావణం సంగతి. వరలక్ష్మీ వ్రతం పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టండి. ఇరవై బ్లౌజులు తీసుకోవాలంటే వారానికి ఐదు చొప్పున నాలుగు వారాలు. ఇరవయ్యోది రాయగానే పుస్తకం మూసేయండి. ‘వ్రతానికి కావాలంటే ఫలానా తేదీలోపు ఇవ్వాలి’ అని వాట్సాప్ స్టేటస్‌లో ముందే పెడితే మొహమాటం సగం తగ్గుతుంది. సగం డబ్బు అడ్వాన్సు తీసుకోనిదే పేరు రాయకండి. కొలతలకు, డెలివరీకి రోజూ ఒకే గంట పెట్టండి, పదకొండు నుంచి పన్నెండు అనుకుంటే అదే. తలుపు ఎప్పుడు కొట్టినా తీస్తారని అలవాటైతే పాప నిద్రా పోతుంది, మీ కుట్టూ పోతుంది.

ఇంకో నెలా రెండు నెలల్లో పాప పాకుతుంది. ఆలోగా కొన్ని పనులు పూర్తి కావాలి. లేచిన ప్రతిసారీ మోటారు ప్లగ్గు తీసేయాలి, కాలి పెడల్‌ను పైకి ఎత్తి పెట్టాలి, ఎందుకంటే పాకే పిల్ల మొదట నొక్కేది దాన్నే. చక్రం, బెల్టు ఉన్న వైపు గోడకు ఆనించండి. గుండుసూదుల కోసం ఒక అయస్కాంతాన్ని కర్రకు కట్టి పని అయ్యాక నేలంతా తిప్పండి. చీపురు వదిలేసిన సూదిని అది పట్టుకుంటుంది. మగ్గం వర్క్ కూడా చేస్తుంటే పూసలు, కుందన్లు, బటన్లు పాపకు అందే ఎత్తులో ఒక్కటి కూడా ఉండకూడదు. మూడేళ్లలోపు పిల్లలు ఏది దొరికినా నోట్లో పెట్టుకుంటారు, అది గొంతుకు అడ్డం పడుతుంది.

ప్రశ్న: సకినాలు, జంతికలు చేసి అమ్ముతున్నాను. అత్తమ్మ సాయం చేస్తది. సకినాలు కిలో 280కి ఇస్తున్న. ఐదు కిలోలకు బియ్యం 240, నువ్వులు 100, నూనె 200 అవుతున్నయి. లెక్కన 860 మిగలాలె. నెలాఖరుకు చేతిల ఏమీ ఉంటలేదు. ఇద్దరు పిల్లలు, చిన్నోడికి రెండేళ్లు.
(ఒక పాఠకురాలు, కరీంనగర్)

జవాబు: మీరు రాసిన 540 దినుసుల ఖర్చు మాత్రమే. అది కూడా పూర్తిగా లేదు. వాము, ఉప్పుకు 30, వేపాక మళ్లీ వాడడానికి పనికిరాక పారబోసే నూనె 80, గ్యాసు 80, పిండి పట్టించడానికి 40, కవర్లు, లేబుళ్లకు 60 వేసుకోండి. మీ ఊళ్లో అంకెలు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు, వరుస మాత్రం ఇదే. మొత్తం 830 అయింది. ఇక మీ ఇద్దరి కూలి. నానబెట్టడం, పట్టించడం, చుట్టడం, వేపడం, ప్యాక్ చేయడం కలిపి మనిషికి ఐదు గంటలు, ఇద్దరికి పది. గంటకు 60 వేసినా 600. అంటే 1,430.

ఐదు కిలోల్లో పావు కిలో విరిగిపోతుంది, అది అమ్మకానికి రాదు. మిగిలిన 4.75 కిలోలకు 280 చొప్పున వచ్చేది 1,330. ప్రతి వాయికీ వంద రూపాయలు మీరే ఎదురిస్తున్నారు. అత్తమ్మ కూలి అడగరు కాబట్టి, మీ కూలి మీరు రాసుకోలేదు కాబట్టి అది కనబడలేదు.

సరైన ధర ఇలా వస్తుంది: 1,430ని 4.75తో భాగిస్తే కిలోకు 301. దానిమీద 15 శాతం లాభం వేస్తే 346, అంటే 350 రూపాయలు. ఇది ఇంటికొచ్చి కొనుక్కునేవాళ్లకు. స్వీట్ షాపువాళ్లు 20 శాతం కమీషన్ అడిగితే 350లో మీ చేతికొచ్చేది 280. మళ్లీ మొదటికే వచ్చారు. షాపుకు ఇవ్వాలంటే వాళ్ల అమ్మకం ధరే పెరగాలి, లేదంటే వద్దనండి. పెంచితే పోయే గిరాకీ కొంత ఉంటుంది, పోనివ్వండి. 350కి మూడు వాయిలు అమ్మడం 280కి ఆరు వాయిలు అమ్మడం కన్నా మేలు, సగం రోజులు పిల్లలకు మిగులుతాయి. పెంచే ధరను పండగ మధ్యలో ప్రకటించకండి. సంక్రాంతి ఆర్డర్లు రాసుకోవడం మొదలుపెట్టే రోజు నుంచి కొత్త ధర చెప్పండి.

రెండేళ్ల పిల్లాడున్న ఇంట్లో నేల మీద పొయ్యి పెట్టి వేపకండి. పండగప్పుడు అందరూ చేసేదే అయినా ప్రమాదం అక్కడే. గట్టు మీద, వెనక వైపు బర్నర్ మీద మూకుడు పెట్టి వంటగది గుమ్మానికి అడ్డుతలుపు బిగించండి. బట్ట మీద చుట్టిన సకినాలు పైతడి ఆరకముందే నూనెలో వేస్తే నూనె చిమ్ముతుంది, సకినమూ విరుగుతుంది. పిల్లాడు నిద్రలేచే వేళ దగ్గరపడిందని తొందరపడి వేసేది ఇలాంటప్పుడే. చుట్టిన తర్వాత వేపడం రెండు గంటలు వెనక్కి పోయినా నష్టం లేదు, ఆ వెసులుబాటు వాడుకోండి. ఎప్పుడైనా కాలితే 20 నిమిషాలు కుళాయి నీటి ధార కింద పెట్టాలి. పేస్టు, పసుపు, సిరా పూయకూడదు.

ఇంకొకటి. ఇంటి కోసం ఇచ్చే 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదు. వాణిజ్య సిలిండర్ తీసుకోండి, దాని ఖర్చును పైన ‘గ్యాసు’ అన్నచోట సరిచేసుకోండి.

ప్రశ్న: నాలుగు నెలల బాబు, పూర్తిగా తల్లిపాలే. కాన్పుకు ముందు కేకులు చేసి అమ్మేదాన్ని. పాత కస్టమర్లు అడుగుతున్నారు. మొదలుపెట్టొచ్చా? పాలు పిండి ఉంచొచ్చా?
(ఒక పాఠకురాలు, కూకట్‌పల్లి, హైదరాబాద్)

జవాబు: మొదలుపెట్టొచ్చు, రోజుకు ఒక్క కేకుతో. ఒక రోజు ముందు ఆర్డరివ్వాలి, వచ్చి తీసుకెళ్లాలి. ఈ రెండు షరతులకూ ఒప్పుకున్నవాళ్లే ప్రస్తుతానికి మీ కస్టమర్లు.

ఆరు నెలలు నిండేదాకా బిడ్డకు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కాబట్టి మీరింకా రెండు నెలలు కేకు వేళల్ని పాల వేళలకు సర్దుకోవాలి. పాలు పిండి ఉంచడం సురక్షితమే. గది వేడి 25 డిగ్రీలు మించకపోతే నాలుగు గంటలు బయట ఉంచొచ్చంటారు. మన ఎండాకాలంలో ఆ లెక్క పనికిరాదు, పిండిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజుల దాకా ఉంటాయి. తలుపు అరలో కాదు, లోపలి వెనక భాగంలో పెట్టాలి. తలుపు తెరిచిన ప్రతిసారీ ఆ అరలో చలి తగ్గుతుంది, క్రీము కోసం మీరు తలుపును మామూలు కన్నా ఎక్కువసార్లే తెరుస్తారు. సీసాకు 60 నుంచి 90 మిల్లీలీటర్లే పోసి తేదీ రాయండి. వేడినీళ్ల గిన్నెలో సీసాను నిలబెట్టి గోరువెచ్చగా చేయండి. మైక్రోవేవ్‌లో పెడితే ఒకచోట చల్లగా, ఇంకోచోట నోరు కాలేలా అవుతాయి. బాబు తాగి వదిలేసినవి రెండు గంటల్లోపు వాడకపోతే పారబోయాలి. పిండడానికి ఉదయం మొదటి పాలు ఇచ్చిన తర్వాతి సమయం అనువుగా ఉంటుంది, చాలామందికి అప్పుడు పాలు ఎక్కువ.

కేకు పని ఒత్తిడిలో ఒక విడత పాలివ్వడం, పిండడం రెండూ మానేస్తే రొమ్ములు గట్టిపడతాయి. ఎర్రబడి నొప్పి, జ్వరం వస్తే ఆగకుండా డాక్టర్‌కు చూపించుకోండి.

ఇక కేకు. పిండి, కోకో, బేకింగ్ పౌడర్ జల్లించి ఒక డబ్బాలో, తడి పదార్థాలు ఇంకో గిన్నెలో ముందే సిద్ధం చేసి పెట్టుకోవచ్చు. రెండూ కలిపిన క్షణం నుంచి మాత్రం ఆగడానికి లేదు, కేకును పొంగించే గ్యాసు బయటకు పోతుంది, కేకు చదునుగా అణిగిపోతుంది. అందుకే బాబు పాలు తాగి పడుకున్నాక కలపండి. స్పాంజ్ ముందురోజే కాల్చి పూర్తిగా చల్లారాక క్లింగ్ ఫిల్మ్ చుట్టి పెడితే మర్నాటికి కోయడం ఇంకా తేలిక. క్రీము గిలకొట్టేటప్పుడు ఏడిస్తే గిన్నెను అలాగే ఫ్రిజ్‌లోకి నెట్టి వెళ్లండి. మిషన్ ఆన్‌లో వదిలి వెళ్తే తిరిగొచ్చేసరికి క్రీము విరిగి వెన్న అవుతుంది. ఫాండెంట్ (చక్కెర ముద్ద) బొమ్మల కేకులు, మూడంతస్తుల కేకులు మరో ఏడాది దాకా ఒప్పుకోకండి.

ప్రశ్న: పచ్చళ్లు పెట్టి అమ్ముతున్నాను. పాపకు రెండున్నరేళ్లు. హైదరాబాద్, బెంగళూరు నుంచి కూడా ఆర్డర్లు వస్తున్నాయి. ఏ కాగితాలు కావాలి? పోయిన ఏడాది ఆవకాయ కొన్ని సీసాల్లో బూజు పట్టింది.
(ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: ఇంట్లో చేసి అమ్మినా ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. ఆ సంస్థ ఫోస్‌కోస్ పోర్టల్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. వచ్చే 14 అంకెల నంబరు లేబుల్ మీద ఉండాలి. దాంతోపాటు పచ్చడి పేరు, దినుసుల పట్టిక, నికర బరువు, ధర, బ్యాచ్ నంబరు, తయారైన తేదీ, ఎప్పటిలోపు వాడాలో, మీ చిరునామా, శాకాహారమని చెప్పే ఆకుపచ్చ చుక్క. పాప నిద్రపోయాక రాత్రిళ్లు చేత్తో లేబుళ్లు రాస్తూ కూర్చోకండి. అన్నిటికీ ఒకటే అచ్చు వేయించి బ్యాచ్, తేదీలకు రబ్బరు స్టాంపు వాడండి.

చాలామంది చూసుకోని సంగతి జీఎస్టీ. సరుకును వేరే రాష్ట్రానికి అమ్మితే మీ అమ్మకాలు ఎంత తక్కువైనా జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. గుంటూరు నుంచి బెంగళూరే కాదు, 2014 తర్వాత హైదరాబాద్ కూడా వేరే రాష్ట్రమే. రిజిస్ట్రేషన్ అయ్యాక అమ్మకం లేని నెలలకు కూడా రిటర్నులు వేయాలి, ఆ పనికీ ఎవరికో ఫీజు ఇవ్వాలి. బయట ఆర్డర్లు నెలకు నాలుగైదే అయితే ఈ బరువు మోయడం అనవసరం, ఆంధ్రప్రదేశ్‌లోనే అమ్ముకోండి. అవి పెరిగి ఆ ఖర్చును భరించగలవని లెక్క తేలినప్పుడు తీసుకోండి.

బూజుకు కారణం దాదాపు ఎప్పుడూ తడే. కడిగిన కాయను కొట్టించే ముందు పొడి గుడ్డతో తుడిచి నీడన ఆరబెట్టాలి. ముక్కల్లోంచి జీడి, లోపలి పొర తీసి మళ్లీ తుడవాలి. నాలుగు కొలతల ముక్కలకు కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ఒకటికి కాస్త తక్కువ, ఇది వాడుకలో ఉన్న పాళ్లు. కస్టమర్ అడిగారని ఉప్పు బాగా తగ్గిస్తే నిల్వ ఉండదు. మూడోరోజు తిరగకలిపి, నూనె చాలకపోతే పోసి, ఆ తర్వాతే సీసాల్లోకి ఎత్తండి. కలిపిన రోజే నింపితే ముక్క నూనె పీల్చుకుని పైన ఎండిపోతుంది, ఆ ఎండిన ముక్క మీదే బూజు మొదలవుతుంది. సీసాలో ముక్కల పైన నూనె నిలవాలి. కడిగిన సీసాలను ఎండలో బోర్లించి ఆపైన తిప్పి రెండు వైపులా ఆరబెట్టండి. మూత లోపలి రబ్బరులో దాగిన చుక్క నీరు చాలు బ్యాచ్ చెడడానికి. బూజు పట్టిన సీసాను పైపైన తీసేసి అమ్మకండి.

ఏడాది అమ్మకాలన్నీ ఆవకాయ మీదే పెట్టుకుంటే వేసవిలో మూడు నాలుగు వారాలు ఇంట్లో పాపను చూసే మనిషి ఉండరు. కాయ కొట్టడం బజారులోనే చేయించండి. ఆ నెలకు మాత్రం మీ అమ్మగారినో ఇంకెవరినో పిలిపించుకోండి. మిగతా రాబడిని చలికాలం ఉసిరి, చింతకాయ, ఆ తర్వాత పండుమిర్చి, ఏడాది పొడుగునా నిమ్మ, గోంగూర, టొమాటోల మీదకు మళ్లించండి. ఒక్కో వారం నాలుగైదు కిలోల చిన్న బ్యాచ్ చాలు. కారం కలిపిన చేతులకు ముందు నూనె రాసి, తర్వాత సబ్బుతో కడగండి. కారంలోని మంట నూనెలో కరుగుతుంది, నీళ్లతో పోదు. ఆ చెయ్యి పాప కంటికి తగలకూడదు. పాపకు మూడేళ్లు నిండగానే అంగన్‌వాడీలో ప్రీస్కూల్‌కు చేర్చుకుంటారు. ఉదయం ఆ కొన్ని గంటలు మీకు దొరికినట్టే.

విదేశాలకు అమ్మాలంటే ఎగుమతి కోడ్ కావాలి. అమెరికాకైతే ఆహార పదార్థం చేరేముందే అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకు తెలియజేయాలి. ఇప్పట్లో దాని జోలికి పోకండి.

ప్రశ్న: ఇంట్లో కూర్చుని చేసేదే కదా అని అత్తగారు, మావారు ఇంటిపని మొత్తం నా మీదే వదిలేస్తున్నారు. ఆన్‌లైన్‌లో చీరలు అమ్ముతాను. బాబు యూకేజీ.
(ఒక పాఠకురాలు, విశాఖపట్నం)

జవాబు: వాదనకు దిగితే తెగదు, అంకె చూపించండి. వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా, వేరే యూపీఐ పెట్టుకోండి. చీరల డబ్బు ఇంటి ఖాతాలో కలిసిపోతే మీరెంత తెచ్చారో ఎవరికీ తెలియదు, మీకు కూడా. మూడు నెలల లాభాన్ని ఆ మూడు నెలల్లో పెట్టిన గంటలతో భాగించండి. గంటకు 120 వచ్చిందనుకోండి. అంట్లకు మనిషిని పెట్టుకుంటే నెలకు 1,500 అయి రోజుకో గంట మిగులుతుంటే, గంటకు పడేది 50. ఇక ఆ పని మీరు చేయడం నష్టమని మీవారికే అర్థమవుతుంది. జీతం వ్యాపారం ఖాతా నుంచే ఇవ్వండి. లైవ్ పెట్టే గంట, పార్శిళ్లు కట్టే గంట, ఈ రెండూ బాబు బడిలో ఉన్నప్పుడే పెట్టుకుని ఆ సమయంలో ఇంటి ఫోను ఎత్తకండి. బాబును బడినుంచి తెచ్చే పని వారంలో రెండు రోజులు మీవారిదని తేల్చుకోండి. అత్తగారితో మాట్లాడాల్సింది కూడా ఆయనే, మీరు కాదు.

ప్రశ్న: మావారి ఉద్యోగ వీసాను బట్టి ఇచ్చే హెచ్-4 వీసా మీద డాలస్‌లో ఉన్నాను. పిల్లలు చిన్నవాళ్లు. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో స్వీట్లు చేసి అమ్మొచ్చా? ఇక్కడున్నవాళ్లు చాలామంది చేస్తున్నారు. ఇండియాలో ఉన్న చెల్లెలు కూడా ఇలాంటిదే మొదలుపెట్టాలనుకుంటోంది. చిన్న వ్యాపారాల కోసం ప్రభుత్వం చేసే ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు ఏజెంటు 2,500 అడిగాడట.
(ఒక పాఠకురాలు, టెక్సాస్)

జవాబు: మీకు ఈఏడీ, అంటే పని అనుమతి కార్డు లేకపోతే అమ్మకూడదు. సొంత వ్యాపారం కూడా పనికిందికే వస్తుంది. నగదుగా తీసుకున్నా, గ్రూపులో అమ్మినా తేడా లేదు. తర్వాత వీసా, గ్రీన్‌కార్డు దరఖాస్తుల్లో ఇదే అడ్డుపడొచ్చు. హెచ్-4లో కొందరికి 2015 నుంచి ఈఏడీ ఇస్తున్నారు, ముఖ్యంగా భర్త గ్రీన్‌కార్డు కోసం వేసే ఐ-140 దరఖాస్తుకు ఆమోదం వచ్చినవాళ్లకు. అది చేతికొచ్చాక మీ రాష్ట్రపు కాటేజ్ ఫుడ్ చట్టం ఇంట్లో ఏవి చేసి అమ్మనిస్తుందో చూసుకుని మొదలుపెట్టండి. ఇమిగ్రేషన్ లాయర్‌తో ఒకసారి మాట్లాడడం మంచిది.

చెల్లెలి విషయం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. ప్రభుత్వ పోర్టల్‌లో ఆధార్, పాన్‌తో సొంతంగా చేసుకోవచ్చు. డబ్బు అడిగే వెబ్‌సైట్లు ప్రభుత్వానివి కావు, చూడ్డానికి అలాగే ఉంటాయి. అప్పు కావాలంటే తనఖా లేకుండా ముద్ర రుణంలో శిశు విభాగం కింద 50,000 వరకు బ్యాంకులు ఇస్తాయి. డ్వాక్రా సంఘంలో సభ్యురాలైతే ముందు స్త్రీనిధి రుణం గురించి సంఘంలోనే అడగమనండి. మిషనో ఓవెనో కొనడానికి అప్పు తీసుకోవచ్చు. సరుకు కొనడానికి మాత్రం మొదటి ఆరు నెలలు అప్పు వద్దు, అడ్వాన్సులతోనే తిప్పమనండి.